“ఆయ్” అంటే “అవును” కాదండీ బాబూ

మొన్న ఒక పెద్దాయన ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పట్టుకుని వచ్చారు. కొడుకు బీటెక్ ఫైనల్ ఇయర్. నెట్‌లో ఏదో పర్సనాలిటీ టెస్ట్ రాస్తే “ఆందోళన స్వభావం: చాలా ఎక్కువ” అని వచ్చిందట, రెండు రోజులుగా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగట్లేదు. అమలాపురంలో మనసు సమస్యలతో వచ్చేవాళ్లని చూస్తూ ఇలాంటి స్క్రీన్‌షాట్లు ఎన్ని చూశానో.

అపోహ: స్కోరు ఎక్కువొస్తే ఆ లక్షణం ఎక్కువున్నట్టే.

వాస్తవం: కాదు. కొందరు వాక్యంలో ఏముందన్నదానితో పని లేకుండా ఒప్పుకునేవైపే మొగ్గుతారు. అమెరికన్ సైకాలజిస్టు లీ క్రాన్‌బాక్ 1946లోనే దీని గురించి హెచ్చరించారు. ఆ టెస్ట్ నేనూ తెరిచాను. “చిన్నదానికే కంగారు పడతాను”, “జరగనివాటి గురించి కూడా దిగులు పడతాను”... పది వాక్యాలూ ఒకటే దిక్కు. అస్సలు కాదంటే 1, పూర్తిగా ఔనంటే 5 పెట్టాలి. అబ్బాయి అన్నిటికీ 4 పెట్టాడు, యాభైకి 40 వచ్చాయి, ఇంకేముంది! అందులో ఐదు “ఎంత ఒత్తిడిలోనైనా నిదానంగా ఉంటాను” లాంటివై ఉండి వాటికీ 4 పెట్టుంటే, అక్కడ మార్కు తిరగబడి 2 అవుతుంది. మొదటి ఐదుకి 20, ఈ ఐదుకి 10, మొత్తం 30. అదే పిల్లాడు, అదే అలవాటు. 30 వచ్చింది కదా అని మధ్యస్థంగా ఉన్నాడనీ కాదు, అతని గురించి మనకింకా ఏమీ తెలియలేదని. అందుకే 2017లో వచ్చిన బి.ఎఫ్.ఐ-2 అనే పర్సనాలిటీ టెస్ట్‌లో 60 వాక్యాలుంటే సగం తిరగేసినవే. మానసిక సమస్యలు అంచనా వేయడానికి వాడే ఎం.ఎం.పి.ఐ-2 టెస్ట్‌లోనైతే ఎదురెదురు వాక్యాల జతలకి ఒకే జవాబిస్తే పట్టుకోడానికి విడిగా ఒక స్కేలే ఉంది.

మన వైపు ఇంకో తంటా. పెద్దవాళ్లు ఏమడిగినా ముందు “ఆయ్” అంటాం, విన్నానండి అని. ప్రాక్టీస్ కొత్తలో ఒక లంక గ్రామం నుంచి వచ్చినావిడకి ప్రశ్నలు చదివి వినిపిస్తూ టిక్కులు పెట్టుకుంటూ పోయాను. “ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపిస్తాయి” అన్నదానికీ “ఆయ్”. నాకు చెమటలు పట్టాయి. ఎప్పుడు వినిపించాయమ్మా అంటే, “అబ్బే, నాకెందుకు వినిపిస్తాయండీ, తమరు చదువుతున్నారు కదా అని ఆయ్ అన్నానండి” అంది. ఆ కాగితం చింపేశాను. అప్పట్నుంచి ప్రతి “ఆయ్” వెనకాల “ఎప్పుడు? ఏం జరిగింది?” అని అడగందే టిక్ పెట్టను.

మరి అలాంటివాళ్లు అబద్ధమాడినట్టా? కాదు. మంచివాళ్లుగా కనబడాలని రాయడం వేరు, తలూపడం వేరు.

తిరగేసిన ప్రశ్నలుంటే చాలా? అనువాదం చెడితే అదీ దండగే. “నాకు తొందరగా కోపం రాదు” అన్నదానికి “కాదు” అని టిక్ పెడితే వస్తుందనా, రాదనా? “ఓపిక ఎక్కువ” అని అడిగితే ఈ గొడవుండదు.

“అయితే మావాడికేం లేదంటారా?” అన్నారు పెద్దాయన. ఉందనీ లేదనీ ఈ టెస్ట్ చెప్పలేదండీ, మంగళవారం అబ్బాయిని ఒక్కణ్ణే పంపండి, కూర్చుని మాట్లాడతాను అన్నాను.

“ఆయ్” అన్నారు. పంపుతారో లేదో చూడాలి.