మొదటి గిటార్ కొనబోయే పిల్లలకు

పిల్లలూ,

గిటార్ నల్లది కొనాలా, నీలంది కొనాలా అని పొద్దున్నుంచీ తగువులాడుకుంటున్నారట. ఆ సంగతి తర్వాత చూద్దాం. కొట్టుకు బయల్దేరే ముందు అమ్మనీ నాన్ననీ అడిగి నాలుగు ఏటీఎం కార్డులు తీసుకోండి. డబ్బు కట్టడానికి కాదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక సెకండ్ హ్యాండ్ గిటార్ కొన్నాను. చూడ్డానికి తళతళలాడేది. తీగ నొక్కితే మాత్రం వేళ్లు కందిపోయేవి, అంత నొక్కినా మూగగా పలికేది. సంగీతం మనకు రాదులే అనుకుని బీరువా మీద పడేశాను. ఏడాది తర్వాత, రిపేర్లు తెలిసిన ఒకాయన తీగలు వదులు చేసి, బ్రిడ్జి, అంటే పొట్ట మీద తీగల కొసలు బిగించే చెక్క, దాని మీది తెల్లటి పట్టీని బయటికి లాగాడు. దాని అడుగు భాగాన్ని గరుకు కాగితం మీద కాసేపు రుద్ది మళ్లీ దూర్చాడు. పావుగంట పని. అవే వేళ్లు, అదే గిటార్. ఆ సాయంత్రమే ఆరు తీగలూ విడివిడిగా, శుభ్రంగా పలికాయి. ఏడాదంతా నన్ను నేను తిట్టుకున్నదే దండగ!

తప్పంతా తీగల ఎత్తుది. దాన్నే యాక్షన్ అంటారు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, మూడు కలిపితే దాదాపు 2.3. అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులు చూసుకోండి. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలే ఫ్రెట్లు. పన్నెండో ఫ్రెట్ దగ్గర సాధారణంగా రెండు చుక్కలుంటాయి. ఆ ఫ్రెట్ మీద, అన్నిటికంటే లావు తీగ కింద మూడు కార్డులూ కలిపి దూర్చండి. తీగకు తగిలీ తగలనట్టుంటే బాగున్నట్టే. నాలుగోది కూడా హాయిగా దూరితే, సెటప్ చేసి, అంటే తీగల ఎత్తు సరిచేసి ఇమ్మనండి, లేదంటే ఇంకోటి చూడండి. మరీ కిందికున్నా కష్టమే, జుయ్యిమంటుంది. అందుకని ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి ఒకసారి మీటి వినండి. కొట్టువాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఈ లెక్క స్టీలు తీగలకే. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి నాలుగు కార్డులు పట్టడం మామూలే. అది వేళ్లకు మెత్తగా ఉంటుంది కానీ, మెడ వెడల్పు. మెడ పైకొసన తీగలు ఆనుకునే పట్టీ, అంటే నట్ దగ్గర సుమారు 52 మిల్లీమీటర్లు. స్టీలుదైతే 43 చిల్లర. సినిమా పాటలకు స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నీ ఒక్క ఊపున మీటడం, చేయాలనుకుంటే స్టీలుదే తీసుకోండి. నైలాన్ దానికి మాత్రం స్టీలు తీగలు ఎప్పుడూ కట్టకండి, ఆ లాగుడుకి బ్రిడ్జి ఊడి వస్తుంది.

కొట్లో ఎక్కువగా కనిపించే పెద్ద బొజ్జ గిటార్ పేరు డ్రెడ్‌నాట్. ఒక బ్రిటిష్ యుద్ధనౌక పేరది. ఒళ్లో పెట్టుకున్నప్పుడు మీ కుడి భుజం పైకి లేస్తోందంటే ఆ ఓడ మీకు పెద్దదన్నమాట, చిన్న సైజు అడగండి.

పైచెక్క ప్లైవుడ్ అని ఎవరైనా పెదవి విరిస్తే పట్టించుకోకండి. సముద్రపు గాలి తేమకీ, మన మే నెల ఎండకీ అదే కాస్త ఓర్చుకుంటుంది. అలాగని ఎండలో కారులో వదిలేయకండి.

ఇక రంగు సంగతి తేల్చుకోండి. నన్నడిగితే నల్లది వద్దు, వేలిముద్రలు తుడవలేక చస్తారు.

మీ తాతయ్య