స్వర్ణముఖి ఎండిందిగా, నీళ్ల అడుగు కొలవడమెందుకు? అపోహలు - వాస్తవాలు

అపోహ: తిరుపతి దగ్గర ఏడాదిలో చాలా రోజులు ఇసుకే కనిపించే స్వర్ణముఖి నది అడుగు ఎత్తుపల్లాల మ్యాపు తీయడానికి డ్రోన్ ఒక్కటి చాలు.

వాస్తవం: ఎండిన ఇసుక వరకూ చాలు. చిక్కంతా ఇసుక తవ్విన గుంతల్లో, చెక్‌డ్యాముల వెనుక నిలిచిన నీళ్లతోనే. డ్రోన్‌కు బిగించే మామూలు లైడార్ (లేజర్ కాంతితో ఎత్తులు కొలిచే పరికరం) వాడే పరారుణ కాంతిని నీరు మింగేస్తుంది. అడుగు బదులు నీటిమట్టం వస్తుంది, లేదా ఏమీ రాదు. ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ చదును చేసి చూపిస్తుంది. 4 మీటర్ల గుంత మ్యాపులో బల్లపరుపు! ఇక పూడ్చడానికి ఎంత మట్టి కావాలో లెక్క తప్పుతుంది. వరద గుంతలోకి దూకేచోట మొదలైన కోత ఎగువకు పాకి వంతెన పునాదులను చేరే ప్రమాదమూ కనబడదు.

అపోహ: ఆకుపచ్చ లేజర్ తెస్తే నీళ్ల అడుగు కూడా వచ్చేస్తుంది.

వాస్తవం: తేట నీళ్లలో వస్తుంది. ముందు సెక్కీ పళ్లెం (నీరు ఎంత తేటగా ఉందో చూసే బిళ్ల) దించి చూడండి. అది అర మీటరుకే మాయమైతే లేజర్ కూడా ఇంచుమించు అక్కడే ఆగుతుంది. తిరుపతి మురుగు కలిసే మడుగుల్లో దానికి డబ్బు దండగ. చిన్న పడవ, ధ్వనితో లోతు కొలిచే 200 కిలోహెర్ట్జ్ ఎకోసౌండర్ మేలు. పడవ కదలని చోట ఆర్‌టీకే రోవర్ (కర్రకు బిగించిన, సెంటీమీటర్ల కచ్చితత్వం ఉన్న జీపీఎస్) పట్టుకుని దిగాల్సిందే. కర్ర మొన బురదలో దిగబడకుండా వెడల్పు బిళ్ల బిగించండి.

పని మొదలుపెట్టే ముందు ఎకోసౌండర్ కింద 1, 2 మీటర్ల లోతుకు రేకు దించి రీడింగు సరిచూడాలి. నీళ్లు 30 డిగ్రీలుంటే ధ్వని వేగం సెకనుకు సుమారు 1,509 మీటర్లు. పరికరంలో ఆ వేగం 1,500 అని ఉంటే అలాగే వదిలేసినా 4 మీటర్ల లోతుకు తేడా 2 సెంటీమీటర్లే. సెన్సర్ నీళ్లలో ఎంత మునిగిందో కలపడం మరిచిపోతే మాత్రం ప్రతి లోతూ 20, 30 సెంటీమీటర్లు తగ్గిపోతుంది. నాచు మొక్కల పైభాగాన్నే అడుగనుకునే సమస్య వేరే.

అపోహ: జీపీఎస్ చూపే ఎత్తే సముద్రమట్టం నుంచి ఎత్తు.

వాస్తవం: ఇక్కడ రెంటికీ 80 మీటర్లకు పైగా తేడా. అంత పెద్ద తప్పు ఎవరికైనా కనిపిస్తుంది. డ్రోన్‌కో బెంచ్‌మార్కు (ఎత్తు ముందే తెలిసిన గుర్తు), పడవకో బెంచ్‌మార్కు వాడితే వచ్చే 20 సెంటీమీటర్లే దొంగదెబ్బ. ఒడ్డు వెంబడి ఒకే పట్టీని రెండు పద్ధతుల్లోనూ కొలవండి. తేడా అంతటా ఒకేలా ఉంటే తప్పు బెంచ్‌మార్కుది. చెల్లాచెదురుగా ఉంటే బురదనో, సర్కారు తుమ్మ కంపనో అనుమానించాలి.

అపోహ: ఒకసారి తీసిన మ్యాపు పదేళ్లు పనికొస్తుంది.

వాస్తవం: 2021 నవంబరు వరదకు ముందు తీసినదాన్ని ఇప్పటి డిజైనుకు వాడొద్దు. ఈశాన్య రుతుపవనాలు వెళ్లాక, జనవరి తర్వాత కొలవండి. రేణిగుంట విమానాశ్రయం దగ్గరి భాగానికి డ్రోన్ అనుమతి ముందే అడగాలి.