కడుపు గోడ కుట్టు: కోత నుంచి రోబో దాకా

పాత ఆపరేషన్ మచ్చ పక్కన, దగ్గినప్పుడు ఉబ్బి పడుకుంటే లోపలికి జారిపోయే గడ్డను చాలామంది ఏళ్ల తరబడి పట్టించుకోరు. చర్మం కింద కండర పొరలు విడిపోయి, ఆ సందులోంచి కొవ్వో పేగో ముందుకు తోసుకురావడమే ఈ హెర్నియా. సందును దగ్గరకు లాగి కుట్టేస్తే చాలుననే నమ్మకం వైద్యుల్లో చాలాకాలం ఉండేది. నెదర్లాండ్స్‌ వైద్యులు 2004లో ప్రచురించిన పదేళ్ల ఫలితాలు ఆ నమ్మకాన్ని గట్టిగా దెబ్బతీశాయి: కుట్లు మాత్రమే వేసినవారిలో 63 శాతం మందికి, మెష్ (వల లాంటి పట్టీ) అమర్చినవారిలో 32 శాతం మందికి హెర్నియా తిరగబెట్టింది.

ప్లాస్టిక్ మెష్‌ను అమెరికా వైద్యుడు ఫ్రాన్సిస్ అషర్ 1950ల చివర్లోనే వాడుకలోకి తెచ్చారు. అయితే దాన్ని ఏ పొరలో పరచాలన్నదే అసలు చిక్కు. ఫ్రాన్స్‌లో జీన్ రివ్, రెనే స్టొప్పా మెష్‌ను కండరం వెనుక, పేగులకు తగలని పొరలో పరిచారు. నా దృష్టిలో ఈ చరిత్రలో కీలకమైన మలుపు అదే. కాకపోతే అందుకు పొట్టను పొడవునా కోయాల్సి వచ్చేది.

చిన్న రంధ్రాల ద్వారా లాపరోస్కోపీతో ఈ హెర్నియాను సరిచేసే పద్ధతిని కార్ల్ లెబ్లాంక్ బృందం 1993లో ప్రచురించింది. కోత తగ్గింది కానీ మెష్ మళ్లీ పేగుల పక్కకే చేరింది. గాలి నింపిన పొట్టలో కడుపు గోడ సర్జన్‌కు పైకప్పులా కనిపిస్తుంది. మణికట్టు లేని పొడవాటి నిటారు పరికరంతో ఆ పైకప్పుకు సూది గుచ్చి, తిప్పి, ముడి వేయడం ఎంతో కష్టం. అందుకే చాలా ఆపరేషన్లలో సందును మూయకుండానే దాని మీదుగా మెష్ పరిచి, చిన్న మేకుల వంటి ట్యాక్‌లతో బిగించేవారు.

సర్జన్ చేతి కదలికలతో నడిపే, 2000లో అమెరికాలో అనుమతి పొందిన డా విన్చీ రోబో ఈ ఇబ్బందికి సమాధానంగా కనిపించింది. దాని పరికరం కొస మణికట్టులా వంగుతుంది కనుక పైకప్పుకు కుట్టు వేయడం సాధ్యమైంది. రివ్, స్టొప్పా ఎంచుకున్న పొరలోకి పొడవాటి కోత లేకుండానే చేరుకునే దారి దొరికింది. యూరీ నొవిట్స్కీ బృందం 2012లో వివరించిన, పక్క కండరాన్ని విడదీసి పెద్ద సందును మూసే పద్ధతిని కూడా తర్వాత రోబోతో చేయసాగారు.

అయితే నిరూపణ కన్నా వాడకమే ముందు పరుగెత్తింది. మిషిగన్‌లోని 73 ఆస్పత్రుల లెక్కల ప్రకారం, గజ్జల్లో హెర్నియా ఆపరేషన్లలో రోబో వాటా 2012లో 0.7 శాతం ఉండగా 2018 నాటికి 28.8 శాతానికి చేరింది. కడుపు గోడ హెర్నియాపై హ్యూస్టన్‌లో జరిగి 2020లో వెలువడిన యాదృచ్ఛిక పరీక్షలో (ఎవరికి ఏ పద్ధతో చీటీ తీసినట్టు నిర్ణయించే పరీక్ష) రోబో ఆపరేషన్‌కు 141 నిమిషాలు, లాపరోస్కోపీకి 77 నిమిషాలు పట్టాయి. ఖర్చు పెరిగింది, ఆస్పత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గలేదు. ఇవే రెండు పద్ధతులను పోల్చిన క్లీవ్‌లాండ్ పరీక్షలోనూ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ పరీక్షలో ఇరు వర్గాలకూ మెష్‌ను పొట్ట లోపలే పరిచారు కాబట్టి, అదే పనిని ఖరీదైన యంత్రంతో చేసినంత మాత్రాన రోగికి మేలు దక్కదని అది చూపింది.

కండరం వెనుక మెష్ పరిచే ఆపరేషన్ల సంగతి వేరు. అమెరికా హెర్నియా రిజిస్ట్రీ (రోగుల వివరాల నమోదు) ఆధారంగా 2018లో వచ్చిన పోలికలో, పొట్ట కోసి చేయించుకున్నవారు మధ్యస్థ లెక్కన (మీడియన్) 3 రోజులు, రోబోతో చేయించుకున్నవారు 2 రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. అయితే ఎవరికి ఏ పద్ధతి అన్నది అక్కడ చీటీ తీసి నిర్ణయించలేదు, సర్జన్లే ఎంచుకున్నారు. పైగా రోబో వర్గంలో చర్మం కింద నీరు చేరడం ఎక్కువగా కనిపించింది.