ముహూర్తానికి చేపలు కావాలంటే: కోయి పాండ్ నీళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఇళ్ల పెరట్లో కోయి పాండ్లు, అంటే కోయి అనే రంగురంగుల అలంకార చేపలు పెంచే కొలనులు కట్టి, వాటి నీళ్లు చూసుకోవడం నా పని. సర్జాపుర రోడ్డులో, కనకపుర రోడ్డులో, యలహంక వైపు మనవాళ్లు ఇల్లు కట్టుకుంటే ఈ మధ్య ఈశాన్యంలో ఓ చిన్న కొలను కూడా కట్టించుకుంటున్నారు. ఫోన్‌లో మొదటి మాట మాత్రం దాదాపు ఒకటే: "అన్నా, వచ్చే నెల పన్నెండున గృహప్రవేశం. ఆ రోజుకు చేపలు తిరుగుతుండాలి." తొట్టె కట్టడం పదిహేను, ఇరవై రోజుల పని. అందులో నీళ్లు చేపలకు తయారవడానికి ఇంకో ఆరు వారాలు పడుతుంది. ముహూర్తం పెట్టేటప్పుడు ఆ ఆరు వారాలు ఎవరి లెక్కలోకీ రావు.

అపోహ: నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఇక చేపల్ని వదిలేయొచ్చు

కొత్త పాండ్‌లో చేపలు చనిపోయేది ఎక్కువగా ఈ అద్దంలాంటి నీళ్లలోనే. తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగాక చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. దానికి రంగు లేదు. చేపను చంపే మోతాదులో ఉన్నా మన ముక్కుకు వాసన తెలియదు. నదిలో అయితే కొట్టుకుపోతుంది. పెరటి తొట్టెలో దాన్ని తీసేసేది ఫిల్టరులో పెరిగే బ్యాక్టీరియానే. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, అప్పుడప్పుడు కొంత నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. కొత్త తొట్టెలో ఈ బ్యాక్టీరియా దాదాపు ఉండదు.

పదేళ్ల కిందట ఒక పెద్దాయన మాట కాదనలేక ఒప్పుకున్నాను. అయిదు వేల లీటర్ల సిమెంటు తొట్టె, నీళ్లు నింపిన మూడో రోజే అడుగు పొడవున్న పన్నెండు కోయిలు వదిలాం. గృహప్రవేశానికి వచ్చిన పిల్లలందరూ గుప్పిళ్లతో మేత వేశారు. వారం తిరక్కుండా పొద్దున్నే ఆయన ఫోన్: "నాయనా, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఒక్కసారి రా." నేను వెళ్లేసరికి రెండు అడుగున పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. తెల్లటి కోయి ఒకటి నీళ్లు పడే చోట కదలకుండా నిలబడి ఉంది, దాని రెక్కల్లో ఎర్రటి నరాలు తేలాయి. పరీక్ష గొట్టంలో అయిదు మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, చుక్కల మందు వేసి, అయిదు నిమిషాలు ఆగి తెల్ల కాగితం మీద పెట్టి చూశాను. నిమ్మపండు రంగులో ఉండాల్సింది ముదురు ఆకుపచ్చకు తిరిగింది. తొట్టె అడుగున గులకరాళ్లు మాత్రం లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. సగం నీళ్లు మార్చాం, మేత ఆపేశాం. చివరికి ఏడు మిగిలాయి. మిగతా అయిదు పోవడం నా తప్పు. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా ఇంకా తయారుకాని నీళ్లలో చేపల్ని వదల్లేదు.

అపోహ: సిమెంటు ఆరింది కదా, నింపేయొచ్చు

ఆ రోజు చేపల్ని చంపింది అమ్మోనియా ఒక్కటే కాదు. కొత్త సిమెంటు నుంచి సున్నం నీళ్లలోకి దిగుతూ పీహెచ్‌ను (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకెను) 9 పైకి తీసుకుపోతుంది. నీళ్లు 25 డిగ్రీలు ఉన్నాయనుకోండి. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక పాలు కూడా కాదు. 8 దగ్గర అది అయిదు పాళ్లు, 9 దగ్గర ముప్పై ఆరు పాళ్లు. అంటే అదే అమ్మోనియా, అవే చేపలు, పీహెచ్ పెరిగిందంటే విషం ఎన్నో రెట్లు. అందుకే సిమెంటు తొట్టెను నింపి, కొన్ని రోజులు నిలవ ఉంచి, పారబోసి, మళ్లీ నింపి, పీహెచ్ ఎక్కడం ఆగేదాకా ఇదే చేయాలి. నా మట్టుకు నేను లోపల చేపలకు హాని చేయని పూత వేయించనిదే పని ముగించను.

అపోహ: సీసాలో బ్యాక్టీరియా పోస్తే తెల్లారేసరికి నీళ్లు తయారు

పాలల్లో తోడు వేసిన వెంటనే పెరుగు అవుతుందా? ఇదీ అంతే. సీసా సరుకు కొంత సాయం చేయొచ్చు, చేయకపోవచ్చు, దుకాణంలో ఎండకు ఎన్నాళ్లుందో మనకు తెలియదు. నేను నమ్మే తోడు వేరు. రోగం లేని పాత పాండ్ ఫిల్టరులోంచి తీసిన ఓ స్పాంజి ముక్క, తడి ఆరకుండా తెచ్చి కొత్త ఫిల్టరులో పెడతాను. డిసెంబర్‌లో బెంగళూరు చలికి ఇంట్లో పెరుగు ఎలా ఆలస్యంగా తోడుకుంటుందో, ఫిల్టరు కూడా అలాగే ఆలస్యమవుతుంది. ఎండాకాలంలో ఆరు వారాలు పట్టేది చలికాలంలో ఎనిమిది పట్టొచ్చు.

చేపలు లేకుండానే బ్యాక్టీరియాకు తిండి పెట్టాలంటే నవాసారం చాలు. గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవాసారమే, అమ్మోనియం క్లోరైడ్. బజారు సరుకులో కల్తీ ఉంటుంది కాబట్టి ల్యాబ్ సామాన్ల దుకాణంలో శుద్ధమైనది కొనండి. వెయ్యి లీటర్లకు 6 గ్రాములు వేస్తే అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల పాళ్లలో రెండు) దగ్గరికి వస్తుంది. మోటారు రాత్రింబవళ్లు తిరగనివ్వండి, రోజు విడిచి రోజు పరీక్షించండి. మొదట అమ్మోనియా తగ్గుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది. నైట్రైట్ పరీక్ష గొట్టంలో లేత నీలం ఊదాగా మారే ఈ దశలో చాలామంది విసిగిపోతారు, ఎందుకంటే ఇది రెండు మూడు వారాలు కదలదు. ఓపిక పట్టండి. సాయంత్రం నవాసారం వేస్తే మర్నాడు సాయంత్రానికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించిన రోజు మీ నీళ్లు తయారైనట్టు. సగం నీళ్లు మార్చి, రెండు మూడు చిన్న కోయిలతో మొదలుపెట్టండి.

ఇప్పటికే తొందరపడి చేపల్ని వదిలేసి, నైట్రైట్ ఎక్కిందంటే వెయ్యి లీటర్లకు కిలో కల్లుప్పు కలపండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి వెళ్లనివ్వకుండా అడ్డుకుంటుంది. అమ్మోనియాకు మాత్రం ఉప్పు మందు కాదు, నీళ్లు మార్చాల్సిందే.

అపోహ: బోరు నీళ్లు సహజమైనవి, కావేరి నీళ్లలో మందుంటుంది

కావేరి నీళ్లలో క్లోరిన్ ఉండేది నిజమే. పైపు తొట్టెలో పెట్టి మరిచిపోయి పడుకుంటే పొద్దుటికి చేపలుండవు. కానీ దానికి విరుగుడు చవక: ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో వాడిన హైపో (సోడియం థయోసల్ఫేట్). వెయ్యి లీటర్లకు 10 గ్రాములు ముందు కలిపి, ఆ తర్వాత నీళ్లు వదలండి. బోరు నీళ్లలో క్లోరిన్ లేదు గానీ ప్రాణవాయువు కూడా చాలా తక్కువ, మన ఊళ్లో చాలా చోట్ల నైట్రేట్ ఎక్కువ. ఒక రోజు గాలి పంపు పెట్టి ఆడించాకే వాడాలి. ట్యాంకరు నీళ్లు ఏ బోరువో తెలియదు, ప్రతిసారీ పరీక్ష చేయాలి.

"ఆర్‌ఓ నీళ్లు పోస్తే ఇంకా మంచిది కదా సార్" అనే వాళ్లూ ఉన్నారు. వద్దు. బ్యాక్టీరియా అమ్మోనియాను మార్చేటప్పుడు నీళ్లలోని క్షారాన్ని తింటుంది. ఆర్‌ఓ నీళ్లలో అది ఉండదు. ఒక రాత్రిలో పీహెచ్ పడిపోతుంది, ఫిల్టరు ఆగిపోతుంది. క్షారం తక్కువైతే వంటసోడా కొద్దికొద్దిగా కలిపి సరిచేయొచ్చు.

అపోహ: రాత్రి మోటారు ఆపితే కరెంటు మిగులుతుంది

బ్యాక్టీరియాకు ఊపిరి కావాలి. కొన్ని గంటలు నీళ్లు ఆగితే ఫిల్టరులో అది చావడం మొదలవుతుంది. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, చెన్నైతో పోలిస్తే అదే వేడి నీళ్లలో ప్రాణవాయువు పదో వంతు తక్కువ కరుగుతుంది. తెల్లవారుజామున అది ఇంకా తగ్గుతుంది. కనీసం గాలి పంపునైనా ఇంటి ఇన్వర్టరుకు కలపండి.

అపోహ: వారానికోసారి ఖాళీ చేసి బ్రష్‌తో రుద్దాలి

రుద్దితే మళ్లీ మొదటికి వస్తారు. వారానికి పదో వంతు నీళ్లు మార్చితే చాలు. స్పాంజిని కుళాయి కింద కాదు, తొట్టె నీళ్లలోనే పిండండి. 2024 మార్చి నీటి ఎద్దడిలో తాగునీటితో కార్లు కడిగినా, తోటకు పట్టినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన ఊరు మనది. తీసిన నీళ్లు కొబ్బరి చెట్టుకు పోయండి, ఆ నైట్రేట్ దానికి ఎరువు.

ఇక నీళ్లు పచ్చబడితే కంగారొద్దు. అది నాచు, విషం కాదు, యూవీ దీపంతో తగ్గుతుంది.

ముహూర్తం రోజు సంగతి మిగిలింది. నీళ్లు ఆడుతుంటాయి, కుండీల్లో తామరలు పెట్టిస్తాను, సాయంత్రం దొప్పల్లో దీపాలు వదలండి. చేపల్ని ఆరు వారాల తర్వాత, పరీక్ష గొట్టాలు రెండూ మీ కళ్ల ముందు సున్నా చూపించాక నేనే తెచ్చి వదులుతాను.