కొల్లేరు: కాంటూరు గొడవ వెనక లీజుల కథ

కొల్లేరు మళ్లీ కోర్టుకెక్కింది. అభయారణ్యంలో అక్రమ చేపల చెరువులు తొలగించాలని 2006లో ఇచ్చిన ఆదేశాలు అమలు కాలేదంటూ దాఖలైన ధిక్కార పిటిషన్ 2025లో సుప్రీంకోర్టు ముందు కదిలింది. పర్యావరణ కేసుల్లో ఆ కోర్టుకు సాయపడే కేంద్ర సాధికార కమిటీ వచ్చి జనం మాట విని వెళ్లింది. దాంతో పాత డిమాండ్ మళ్లీ పైకొచ్చింది: ఐదో కాంటూరు వద్దు, మూడో కాంటూరుకు కుదించండి. ఈ ఒక్క మాట మీద మాత్రం అన్ని పార్టీలదీ ఒకే గొంతు.

కాంటూరంటే సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు దాకా సరస్సుగా లెక్కేయాలో చెప్పే గీత. పదో కాంటూరు దాకా నిండితే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు దాకా 308. మూడో కాంటూరుకు దించితే మిగిలేది 135. రెండడుగుల తేడాతో 173 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 43 వేల ఎకరాలు అభయారణ్యం నుంచి బయటపడతాయి. ఈ అంకెతో తర్వాత పనుంది.

సరస్సు పుట్టుక, పెద్దింట్లమ్మ మహిమలు, వలస పక్షుల ముచ్చట్లు అందరికీ తెలిసినవే, వాటిని వదిలేద్దాం. కైకలూరు నుంచి ఏలూరు వైపు వెళుతుంటే, పటంలో సరస్సు ఉన్నచోట ముందుగా కనపడేది గట్టు. దాని పక్కన ఇంకో గట్టు. మధ్యలో కదలని నీళ్లు, ఆ నీళ్లలో పాతిన కర్రలకు వేలాడుతున్న మేత బస్తాలు, గట్టు చివర కాపలా పాక. పట్టుబడి రోజున బొచ్చె, శీలావతి చేపలు ఐసు వేసిన ట్రేలలో లారీలెక్కి హౌరాకో అస్సాంకో పోతాయి. రెండు గట్ల మధ్య మిగిలిన సందులో గుర్రపుడెక్క, కిక్కిస. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు సరస్సులోకి వచ్చినా, వాటిని సముద్రంలోకి తీసుకుపోయే ఉప్పుటేరు దాకా చేరాలంటే ఈ సందుల్లో పడే పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఆ నీళ్లు రావలసింది ఇక్కడికే.

ఈ గట్ల కథ 1976లో మొదలైంది. అప్పటిదాకా లంక గ్రామాల్లో చేపలు పట్టే వడ్డి కులస్తుల కుటుంబాలకు వానాకాలమంతా తాటిదోనె, వల, మావు. నీళ్లు తీశాక బయటపడ్డ మట్టిలో దాళ్వా వరి. వరద ముందొచ్చినా, ఆలస్యంగా తీసినా ఆ ఒక్క పంటా పోయేది. జలగం వెంగళరావు ప్రభుత్వం దీనికి ఒక ఉపాయం ఆలోచించింది. జీవో 118 తెచ్చి, సరస్సు భూమిని మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకు చేపల చెరువుల కోసం కేటాయించింది. ఉద్దేశం మంచిదే. చేప పట్టడం తెలిసినవాడికి చెరువిస్తే బతుకుతాడని ఎవరైనా అనుకుంటారు.

కానీ పట్టడం వేరు, పెంచడం వేరు. గట్లు వేయాలి, చేపపిల్ల కొనాలి, తవుడు, చెక్క నెలల తరబడి అరువు తేవాలి, రాత్రిళ్లు కాపలా కాయాలి. ఒక్క వరదకు గట్టు తెగితే మొత్తం పెట్టుబడి పక్కవాడి వల్లో పడుతుంది. రెండోసారి గట్టు వేసుకునే తాహతు సొసైటీ సభ్యుడికి లేదు. ఒడ్డున ఉన్న పెట్టుబడిదారుకు ఉంది. అలా లీజులు మొదలయ్యాయి. కాగితం మీద చెరువు సొసైటీది, చేపల డబ్బు లీజుదారుది. సభ్యుడికి ఏటా కొంత వాటా. అదే గట్టు మీద కాపలా కూలి దొరికితే అదృష్టం. నా లెక్కలో కొల్లేరు చేతులు మారింది అప్పుడే. తర్వాత జరిగినదంతా ఆ లీజుల చుట్టూ తిరిగిందే.

ఇచ్చిన భూమితో తవ్వకం ఆగలేదు. సొసైటీల పేరు చెప్పి పక్కనున్న సర్కారు నేలా చెరువైంది. 2001 నాటి ఉపగ్రహ చిత్రాల్లో సరస్సు లోపలే వెయ్యికి పైగా చెరువులు, సుమారు 100 చదరపు కిలోమీటర్ల మేర తేలాయి. అప్పటికి రెండేళ్ల ముందే, 1999 అక్టోబరులో, జీవో 120 ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని ప్రకటించింది. 2001లో హైకోర్టు చెరువులు తీసేయమంది. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపూ వచ్చింది. గట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

2006లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక ఆపరేషన్ కొల్లేరు జరిగింది. పొక్లెయిన్లు దిగాయి, కొన్ని గట్లను పేలుడు పదార్థాలు పెట్టి లేపేశారు. లంకల్లో ఆ వేసవి గుర్తున్నవాళ్లు చెప్పే మాట ఒకటే: లీజుదారు ఏళ్లపాటు తిని వేరేచోటికి పోయాడు, తెగిన గట్టు పక్కన మిగిలింది మేము. వాటా పోయింది, కూలి పోయింది. పాత పద్ధతిలో వేటాడదామంటే డెక్కలో దోనె కదలదు. పరిహారం, ప్రత్యామ్నాయ ఉపాధి పేరుతో చెప్పినవి అరకొరగానే అందాయన్నది వాళ్ల ఆరోపణ. కొన్నేళ్లలో గట్లు మళ్లీ లేచాయంటే ఆశ్చర్యమేముంది? ఆక్వాతో వేలమంది బతుకుతున్నారని చెరువుల యజమానులు అంటారు. నిజమే.

గట్లు పేల్చిన ప్రభుత్వ హయాంలోనే, 2008లో, మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అధికార పార్టీ మారాక 2015లో మళ్లీ అదే తీర్మానం. మధ్యలో కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరును కదిలించొద్దని తేల్చింది. ఆ నివేదికను ఇక్కడి నాయకులు పెద్దగా తలుచుకోరు.

కుదింపు అడిగేవాళ్లు ముందు నిలబెట్టేది జిరాయితీ రైతును. అతని బాధలో అబద్ధం లేదు. తాతల నాటి పట్టా ఉన్న భూమి రాత్రికి రాత్రి అభయారణ్యమైంది, అమ్ముకోలేడు, చెరువు తవ్వుకోలేడు. అయితే ఐదో కాంటూరు లోపల జిరాయితీ సుమారు 15 వేల ఎకరాలు, ప్రభుత్వం పేదలకిచ్చిన డి-ఫారం పట్టా భూములు ఐదున్నర వేలు. అదంతా మూడో, ఐదో కాంటూర్ల మధ్యే ఉందనుకున్నా సుమారు ఇరవైన్నర వేలే. గీత మారితే బయటికొచ్చేది 43 వేలు. మిగతా 22 వేల పైచిలుకు ఎకరాల్లో ఎవరి చెరువులున్నాయి, సొసైటీ పేరుతో ఎవరు సాగు చేస్తున్నారు అన్నది ఏ తీర్మానంలోనూ లేదు.

జిరాయితీ రైతుకు న్యాయం చేయడానికి కాంటూరే మార్చనక్కర్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే, అభయారణ్యం లోపలి హక్కులపై కలెక్టర్ విచారణ జరిపి, ఆ భూమిని మినహాయించడమో డబ్బిచ్చి సేకరించడమో చేసే దారి ఉంది. ఆ విచారణ సర్వే నంబర్ల వారీగా జరగాలి. జరిగితే ఎవరి భూమిలో ఎవరి చెరువుందో, లీజుకు తీసుకున్నదెవరో కూడా బయటపడుతుంది.