ఈ ఇసుక చివరిసారి ఎండ చూసిందెప్పుడు?

నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర, జుర్రేరు లోయలో నేల తవ్వితే బూడిద పొర బయటపడుతుంది. కొన్నిచోట్ల రెండున్నర మీటర్ల మందం. ఇది ఇక్కడి బూడిద కాదు. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రం దాటొచ్చి పడింది. దానికి కిందా పైనా కూడా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి. అంటే అంత విపత్తు తర్వాత కూడా ఇక్కడ మనుషులు మిగిలారా? అది తేలాలంటే ఆ మట్టి పొరల వయసు కావాలి. జీవుల అవశేషాల్లోని కార్బన్‌ను బట్టి వయసు కట్టే రేడియోకార్బన్ పద్ధతి 50,000 ఏళ్లు దాటితే చేతులెత్తేస్తుంది. ఆదుకున్నది ఇసుకే.

ఇసుకలోని పలుగురాయి (క్వార్ట్జ్) రేణువు పుట్టి కోట్ల ఏళ్లయి ఉండొచ్చు, ఆ వయసుతో మనకు పని లేదు. అది చివరిసారి ఎండ చూసిందెప్పుడన్నదే ప్రశ్న. మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియంల నుంచి కొద్దికొద్దిగా రేడియేషన్ వస్తూనే ఉంటుంది. దాని దెబ్బకు స్ఫటికంలో కొన్ని ఎలక్ట్రాన్లు చోటు తప్పి, లోపాలున్న చోట ఇరుక్కుంటాయి. హుండీలో చిల్లర పడ్డట్టే. కాసేపు ఎండ తగిలిందా, హుండీ ఖాళీ. మళ్లీ మట్టి కప్పేశాక లెక్క సున్నా నుంచి మొదలు.

అందుకే నమూనా తీసేటప్పుడు వెలుగంటే టెన్షన్. గోతి గోడలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, రెండు చివరలూ మూసేసి, ల్యాబ్‌లో మసక ఎర్ర దీపం కిందే తెరుస్తారు. రేణువుల మీద నీలి కాంతి వేస్తే ఎలక్ట్రాన్లు విడివడి, కంటికి కనిపించని అతినీలలోహిత వెలుగు వస్తుంది. తెలిసిన మోతాదు రేడియేషన్ ఇచ్చినప్పుడు వచ్చే వెలుగుతో దాన్ని పోల్చి, రేణువు మొత్తం ఎంత తిన్నదో తేలుస్తారు. ఆ మొత్తాన్ని ఏడాదికి పడే మోతాదుతో భాగిస్తే వయసు. కెనడాలో డేవిడ్ హంట్లీ బృందం 1985లో చూపిన దారి ఇది.

భాగహారం తేలికే, చిక్కంతా తడితోనే. మట్టిలోని నీరు రేడియేషన్‌ను కొంత మింగేస్తుంది. వేల ఏళ్లలో ఆ నేల సగటున ఎంత తడిగా ఉందో ఎవరు చూశారు? అక్కడ అంచనాయే దిక్కు.

2007లో జ్వాలాపురం ఫలితాలు వచ్చాయి. బూడిద కింది పొరకు 77,000 ఏళ్లు, ఆరు వేలు అటూ ఇటూ. పై పొరకు 74,000, ఏడు వేలు అటూ ఇటూ. రెండూ బూడిదను అంటిపెట్టుకునే ఉన్నాయి. అయితే పై పొరలోని పనిముట్లు చెక్కినవాళ్లు బూడిద పడిన మరుసటేడే అక్కడున్నారా, రెండు మూడు వేల ఏళ్లకు వచ్చారా అన్నది ఇంత వెడల్పాటి లెక్కకు అందదు.