ఇద్దరు రాంచర్లు, ఒక వాగు: వెస్టర్న్ రొమాన్స్‌లో అపోహలు - వాస్తవాలు

నేను రాసేవి 1870ల నుంచి 1890ల మధ్య అమెరికా పశ్చిమాన, ఎక్కువగా వయోమింగ్, మొంటానా, టెక్సాస్‌లలో జరిగే ప్రేమకథలు. పక్కపక్కనే పశువులు పెంచుకుంటూ ఒకరి పొడ ఒకరికి గిట్టని ఇద్దరు రాంచర్లు (పశువుల పెంపకందారులు) ఎలా దగ్గరవుతారన్నది నాకు చాలా ఇష్టమైన విషయం. ఈ మధ్య తెలుగులో ఇలాంటి సీరియళ్ళు రాయాలనుకునేవాళ్ళు చిత్తుప్రతులు పంపి ఎలా ఉందో చెప్పమంటున్నారు, నాకు సంతోషమే. కానీ చాలా వాటిలో గొడవ ఒక పక్క, ప్రేమ ఇంకో పక్క, ఒకదానికొకటి సంబంధం లేకుండా నడుస్తుంటాయి. అక్కడి భూమి చట్టం, నీళ్ళ చట్టం కాస్త తెలిస్తే ఆ రెండూ ఒకటే కథ అవుతాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రాంచర్ల మధ్య గొడవంటే తాతల నాటి పగ.

ఇది మన ఫ్యాక్షన్ సినిమాల అలవాటు. అరిజోనాలో 1880లలో గ్రాహం, ట్యూక్స్‌బరీ కుటుంబాలు ఒకరినొకరు చంపుకున్న మాట నిజమే. కానీ ఉత్తర వయోమింగ్ తీసుకోండి. అక్కడి పౌడర్ నది ప్రాంతం లకోటా, షయెన్, అరాపహో ప్రజలది. 1876-77 యుద్ధంలో సైన్యం వాళ్ళని వెళ్ళగొట్టాకే అక్కడికి పశువుల మందలు దిగాయి. 1885లో మీ కథ మొదలైతే ఇద్దరు రాంచర్లూ వచ్చి పదేళ్ళు కూడా కాలేదు, ఇక తాతల పగ ఎక్కడిది? "ఎవరూ లేని ఖాళీ నేల" అని రాసేవాళ్ళు కూడా ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అసలు గొడవ నీళ్ళది. వేల పశువులున్న రాంచర్‌కైనా సొంత పట్టా భూమి చాలా తక్కువ ఉండేది, మంద మేసేది ప్రభుత్వ బీళ్ళలో. వాగు ఒడ్డున ఒక 160 ఎకరాలు చేతిలో ఉంటే వెనకున్న బీడంతా తనదైనట్టే, ఎందుకంటే తాగడానికి నీళ్ళు లేని చోట ఎంత గడ్డి ఉన్నా పశువు బతకదు. అలాంటి వాగు మీద కొత్తగా ఒకామె వచ్చి, చట్టప్రకారమే, ఇంకో 160 ఎకరాలకి దరఖాస్తు పెట్టి కంచె వేసుకుందనుకోండి. ఆమె చేసింది తప్పు కాదు, అతని భయమూ అబద్ధం కాదు. ఇద్దరిలో ఎవరినీ విలన్ చేయక్కర్లేదు, రొమాన్స్‌కి ఇంతకంటే ఏం కావాలి?

నీళ్ళ హక్కు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వయోమింగ్, కొలరాడో లాంటి చోట్ల వాగు ఒడ్డున భూమి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ నీళ్ళని ముందు ఎవరు వాడుకలోకి తెచ్చారో వాళ్ళదే ముందు హక్కు. కొలరాడో ఈ సూత్రాన్ని 1876లో తన రాజ్యాంగంలోనే పెట్టుకుంది. అంటే ఎగువన ఉన్నా సరే, వెనకొచ్చిన రైతు వానల్లేని ఏడాది తన కాలువ మూసేసి నీళ్ళు కిందికి వదలాల్సిందే. మీ నాయిక కాలువ తలుపు దగ్గర నిలబడి, కళ్ళెదుటే తన గడ్డి ఎండిపోతుంటే, చెక్క పలక దించి ఆ నీళ్ళని అతని పశువుల కోసం వదులుతోంది. ఆ సీను రాసి చూడండి, డైలాగులు కూడా అక్కర్లేదు.

అపోహ: ఆడవాళ్ళకి భూమి, మంద ఉండేవి కావు, కాబట్టి నాయిక రాంచర్ కూతురే అయ్యుండాలి.

ఇది మాత్రం దయచేసి వదిలేయండి. ప్రభుత్వ భూమిని సాగుచేసుకునేవాళ్ళకి ఇచ్చే 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండిన అవివాహిత, భర్త పోయిన స్త్రీ, విడాకులు తీసుకున్న స్త్రీ, వీళ్ళంతా తమ పేరిట 160 ఎకరాలకి దరఖాస్తు చేసుకోవచ్చు. అయిదేళ్ళు అక్కడే కాపురముండి సాగు చేస్తే పట్టా వస్తుంది. భర్తతో కాపురం చేస్తున్న స్త్రీకి మాత్రం మామూలుగా ఆ అవకాశం లేదు. వయోమింగ్‌లో అయితే 1869లోనే ఆడవాళ్ళకి ఓటు హక్కు వచ్చింది, పెళ్ళయిన స్త్రీ తన సొంత ఆస్తిని తనే ఉంచుకునేలా చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది. టెక్సాస్‌లో మార్గరెట్ బోర్లాండ్ భర్త పోయాక 1873లో తన మందని తనే తోలుకుంటూ, పిల్లల్ని వెంటబెట్టుకుని కాన్సస్‌లోని విచిటా దాకా వెళ్ళింది. అక్కడే జబ్బుచేసి చనిపోయింది.

ఇక ఎల్లా వాట్సన్. ఈమె గురించి చదవకుండా వయోమింగ్ ప్రేమకథ మొదలుపెట్టొద్దని నేను అందరికీ చెప్తాను. స్వీట్‌వాటర్ నది దగ్గర ఆమెకొక క్లెయిము (దరఖాస్తు పెట్టుకున్న భూమి), పక్కనే జేమ్స్ అవెరెల్ అనే అతనికి ఇంకొకటి. ఇద్దరూ 1886లోనే లాండర్‌లో పెళ్ళి లైసెన్సుకి దరఖాస్తు పెట్టినట్టు రికార్డు ఉంది, అయినా బయటికి మాత్రం భార్యాభర్తలమని చెప్పుకోలేదు. ఆమె పేరు మీదున్న భూమి పోతుందనే అలా దాచి ఉంటారని చాలామంది చరిత్రకారులు అంటారు. వాళ్ళ క్లెయిములు పడ్డది ఆల్బర్ట్ బాత్‌వెల్ అనే పెద్ద రాంచర్ తనదిలా వాడుకుంటున్న గడ్డిమైదానంలో. 1889 జులై 20న బాత్‌వెల్‌తో సహా కొందరు పశువుల యజమానులు వచ్చి ఇద్దరినీ తీసుకెళ్ళి ఉరి తీశారు. ఆమె పశువుల దొంగ, వేశ్య అని షయెన్ నగరంలోని పత్రికలు రాసేశాయి, ఆ ముద్ర దశాబ్దాల పాటు పోలేదు. ఎవరికీ శిక్ష పడలేదు. చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, రావాలి కూడా. పెళ్ళాడితే భూమి పోతుందేమో, పెళ్ళాడకపోతే పరువు పోతుంది. మీరు కల్పించే ఏ అపార్థం కంటే, ఏ దొరికిపోయిన ఉత్తరం కంటే గట్టి అడ్డంకి ఇది.

అపోహ: నడివీధిలో తుపాకీ పోటీతో గొడవ తేలిపోయేది.

మనకి కౌబాయ్ అనగానే కృష్ణగారే కళ్ళముందు కనిపిస్తారు, ఆ సరదా వేరు. చరిత్రలో డాడ్జ్ సిటీ లాంటి పశువుల సంతల ఊళ్ళలో తుపాకులు పట్టుకు తిరగడం మీద నిషేధం ఉండేది. 1892 ఏప్రిల్‌లో వయోమింగ్ జాన్సన్ కౌంటీలో జరిగిందైతే పక్కా ప్లానుతో చేసిన దాడి. పెద్ద రాంచర్లు టెక్సాస్ నుంచి కిరాయి మనుషుల్ని తెప్పించి, షయెన్ నుంచి ప్రత్యేక రైలు వేసుకుని వెళ్ళారు. నేట్ ఛాంపియన్ అనే చిన్న రాంచర్ ఒక చెక్క ఇంట్లోంచి రోజంతా వాళ్ళని నిలువరిస్తూ, మధ్యమధ్యలో జేబు పుస్తకంలో జరుగుతున్నది రాసుకుంటూ పోయాడు. చివరికి ఇంటికి నిప్పుపెట్టి, బయటికి పరిగెత్తిన అతన్ని కాల్చేశారు.

అపోహ: శత్రువులు కదా, కలుసుకోవడానికి తుఫానో, విరిగిన బండి చక్రమో కావాలి.

అక్కర్లేదు. కంచెలు లేని బీళ్ళలో అందరి మందలూ కలిసిపోయేవి. అందుకే ఏటా వసంతంలో రౌండప్ జరిగేది. చుట్టుపక్కల రాంచర్లంతా మనుషుల్ని పంపి, వారాల తరబడి కలిసి మకాంలు మారుస్తూ, పశువుల్ని విడదీసి దూడలకి యజమాని గుర్తుగా వాతలు వేసేవాళ్ళు. ఎంత పడకపోయినా అందరూ ఒకే మంట చుట్టూ తినాలి. దూడ ఎవరిదో తేల్చేది దాని తల్లే, ఏ ఆవు పాలు తాగితే ఆ ఆవు వాతే దూడకీ. తల్లి పక్కన లేని, వాత లేని దూడ కనిపించిందా, తగాదా మొదలైనట్టే. ఇక్కడ చాలామంది ఎర్రగా కాలిన ఇనుము అని రాస్తారు. వాత వేసేవాళ్ళు అలా వాడరు, ఎర్రటి ఇనుము పెడితే బొచ్చు అంటుకుని వాత చెదిరిపోతుంది. బూడిద రంగులోకి వచ్చాక క్షణకాలం ఒత్తి తీస్తారు. చర్మం మీద ముదురు తోలు రంగు గీత పడిందంటే సరిగ్గా పడినట్టు. మీ నాయిక ఎదుటివాడి చేతిలోంచి ఆ ఇనుము లాక్కుని "ఇంకా ఆగు" అంటే ఆమెకి పని తెలుసని పాఠకులకి అక్కడే అర్థమవుతుంది.

డాన్సుల సంగతి కూడా చెప్పాలి. ఆడవాళ్ళు తక్కువ కాబట్టి కొందరు మగవాళ్ళు చేతికి రుమాలు కట్టుకుని ఆడవాళ్ళ స్థానంలో నాట్యం చేసేవాళ్ళు. ఒంటరితనం అంతలా ఉండేది. టెక్సాస్ పాలో డ్యూరో లోయలో మేరీ గుడ్‌నైట్‌కి ఒక కౌబాయ్ మూడు కోళ్ళు తెచ్చిస్తే, ఆమె వాటిని కోయకుండా తోడుగా పెంచుకుంది.

అపోహ: కౌబాయ్‌లంతా తెల్లవాళ్ళు.

కాదు. నల్లజాతి వాళ్ళు, మెక్సికన్లు చాలామంది ఉండేవాళ్ళు. అసలు తాడు విసరడం, జీను, వాత వేసే పద్ధతి, ఇవన్నీ మెక్సికన్ వకేరోల (గుర్రపు స్వారీ చేసే పశువుల కాపరుల) నుంచి వచ్చిన విద్యలే.

అపోహ: ఏ సంవత్సరమైనా ఒకటే.

1885కీ 1888కీ మధ్య లోకమే మారిపోయింది. 1886 వేసవిలో వానల్లేవు, అప్పటికే మంద ఎక్కువై గడ్డి అయిపోయింది. ఆ శీతాకాలం మంచు ముందే మొదలైంది, మధ్యలో కరిగి మళ్ళీ గడ్డకట్టి నేలంతా గట్టి పలకలా అయ్యేసరికి పశువులు కింది గడ్డిని అందుకోలేకపోయాయి. గాలికి వీపు పెట్టి నడుచుకుంటూ పోయి, ముళ్ళతీగ కంచెలకి ఆనుకుని గుంపులుగా చచ్చిపోయాయి. మొంటానాలో మందని చూసుకుంటున్న చార్లీ రస్సెల్, పశువులు ఎలా ఉన్నాయని యజమాని అడిగితే, బక్కచిక్కిన ఒక్క పశువు చుట్టూ కాచుకున్న తోడేళ్ళ బొమ్మ గీసి పంపాడు. ఆ తర్వాతే చలికాలానికి ఎండుగడ్డి కోసి దాచుకోవడం పెద్ద రాంచర్లకీ తప్పనిసరైంది. అంటే నిన్నటిదాకా వాళ్ళు చిన్నచూపు చూసిన, గడ్డి కోసుకునే చిన్న రాంచర్ దగ్గరే ఇప్పుడు మేత ఉంది. అడగడానికి అతనికి అహం, ఇవ్వడానికి ఆమెకి కోపం.

అపోహ: పెళ్ళితో రెండు రాంచ్‌లూ ఒకటైపోతాయి, ఆమె వంటింట్లోకి వెళ్తుంది.

టెక్సాస్‌లో లిజీ జాన్సన్ అనే బడిపంతులమ్మ 1871లో తన పేరిట వాత నమోదు చేయించుకుంది. 1879లో హెజెకయా విలియమ్స్‌ని పెళ్ళాడేటప్పుడు ముందే కాగితం రాయించుకుంది: తన ఆస్తి తనదే, పెళ్ళయ్యాక సంపాదించేదీ తనదే. తర్వాత మొగుడూ పెళ్ళాలు ఎవరి మంద వాళ్ళు అమ్ముకుంటూ, ఎవరి లెక్క వాళ్ళు రాసుకుంటూ బతికారు. వ్యాపారంలో ఆమెదే పైచేయి. కాబట్టి మీ చివరి అధ్యాయంలో ముద్దు తర్వాత ఒక పేరా కేటాయించి, ఎవరి వాత ఎవరికి మిగిలింది, వాగు నీళ్ళలో ముందు హక్కు ఎవరిది అన్నది చెప్పండి. నాకైతే ఈ విషయంలో పాఠకులు ముద్దు కంటే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు.